పిస్టల్ ఒకటి, బ్యారెల్ ఇంకొకదానిది

విజయనగరంలో కానిస్టేబుల్‌గా చేరిన కొత్తలో నన్నూ, చీపురుపల్లి నుంచి వచ్చిన నా తోటి అమ్మాయినీ పిస్టళ్లు శుభ్రం చేయడానికి ఆయుధాల గదికి పంపారు. అక్కడి ఆర్మరర్‌ది నరసన్నపేట పక్క పల్లె. తుపాకులు విప్పి బాగుచేయడం ఆయన పని. లోపల గుళ్లు లేవని మాకు చూపించాకే చేతికిచ్చేవారు.

నా పిస్టల్ విప్పి నూనెగుడ్డతో తుడుస్తున్నాను. పిడి మీద ఒక నంబరు ఉంది. గుండు దూసుకెళ్లే గొట్టం, అదే బ్యారెల్ మీద మాత్రం వేరే నంబరు. రెండూ ఒకటే ఉండాలి.

“ఒసే, నీదీ నాదీ కలిసిపోనాయేటే?” అన్నాను కంగారుగా.

“నాది ఇంకా విప్పనేదే!” అంది.

ఆర్మరర్ దాన్ని వెలుతురుకి పట్టి చూశారు. “మీ వల్ల కాదు. ఎప్పుడో మారిపోనాది.”

నాకు ఆశ్చర్యమేసింది. మొన్న ప్రాక్టీసులో దాంతోనే కాల్చాను, ఎక్కడా ఆగలేదు.

“మరెలాగ పేలింది సార్?”

“ఒకే మోడలు కదమ్మా, సాలామట్టుకు సరిపోతాది. అలాగని కొలిసి సూడకుండా నమ్మకూడదు.”

“అయితే దీని అసలు బ్యారెల్ ఎక్కడున్నాదంటారు?”

“ఎతుకుదాం, ఉండు.” ఆయనకీ ఉత్సాహం వచ్చింది.

అరలోని పిస్టళ్లన్నీ ఒక్కొక్కటే విప్పుకుంటూ పోయాం. భోజనాల వేళ దాటాక ఒక పిస్టల్లో దొరికింది. ఆ పిస్టలూ, నాదీ ఒకదాని బ్యారెల్ ఒకటి పెట్టుకుని కూర్చున్నాయి. శుభ్రం చేసేవాళ్లెవరో రెండూ ఒకేసారి విప్పి ఉంటారన్నారు ఆర్మరర్.

దేనిది దానికి బిగించాం. ఒకటి చక్కగా కుదిరింది. నాది కుదిరింది గానీ, వేలితో కదిపితే కాస్త ఆడింది.

“సొంతదే కదా సార్, ఇదేటి?”

“ఇన్నాళ్లూ పక్కదాంట్లో రాసుకుని అరిగింది. దాని ఒంపుకి ఇది అలవాటైపోనాది.” గేజీ పెట్టి కొలిచి, ఆ మాత్రం వదులు ఫరవాలేదన్నారు. అధికారికి కూడా చెప్పి వచ్చారు.

మర్నాడు ఫైరింగ్ రేంజిలో ముందు ఆయనే కాల్చి చూసి, తర్వాత నాకిచ్చారు. ఏదో తేడా తెలుస్తుందని ఒళ్లంతా కళ్లు చేసుకుని కాల్చాను. గుళ్లు ఎప్పటిలాగే కాస్త ఎడమకే పడ్డాయి.

“బ్యారెల్ కాదే, నీ సెయ్యి మార్సాల!” అని నా తోటిది పగలబడి నవ్వింది.

నేను మాత్రం, మొన్నటిదాకా నేను కాల్చిన బ్యారెల్ ఉన్న ఆ రెండో పిస్టల్ కూడా ఒకసారి ఇమ్మని అడిగాను.