కూర్మమ్మ ఎర్ర వైను

బటాంగ్ బెర్జుంటై రబ్బరు ఎస్టేటులో పుట్టిన కూర్మమ్మ యాభై ఏళ్లు దాటాక ద్రాక్షతీగలు నాటింది. తెలుక్ ఇంటాన్ ఊరి బయట రెండెకరాలు, చుట్టూ పామాయిల్ తోటలు. "ఈ ఎండలో ద్రాచ్చేటి, వైనేటి!" అని చుట్టాలు నవ్వారు. లైసెన్సుకే రెండేళ్లు తిరిగింది. మొదటి పంట వైను పులిసి వెనిగరైంది. పారబోసి మళ్లీ మొదలుపెట్టింది.

ఎర్ర వైనుకు రంగు తొక్కల్లోంచే దిగాలి. అందుకని నల్లద్రాక్ష కాడలు తీసి, చితక్కొట్టి, తొక్కలతోనే స్టీలు తొట్టిలో పులియబెడతారు. తొక్కలు పైకి తేలి గట్టిపడతాయి. కూర్మమ్మ, కూతురు మోహనప్రియ రోజుకు నాలుగుసార్లు చెక్కతెడ్డుతో వాటిని రసంలోకి అణిచేవాళ్లు. పులిసే రసం తనంతట తనే వేడెక్కుతుంది. మరీ వేడైతే రసాన్ని పులియబెట్టే ఈస్టు చచ్చి సరుకంతా చెడుతుంది.

మూడో పంట పులుస్తుండగా, మిట్టమధ్యాహ్నం, తొట్టిని చల్లబరిచే మెషీను ఆగిపోయింది. రిపేరువాడు రేపుగానీ రానన్నాడు. వేడి ముప్పై మూడు డిగ్రీలకెక్కింది.

"అమ్మా, అయిపోయింది లా," అంది మోహనప్రియ ఏడుపు గొంతుతో.

"ఏటి అయిపోనాది? చేపల మార్కెట్టుకెళ్లి ఐసు తే. బండి నిండా తే!"

ఐసు రసంలో కలిస్తే వైను పలచబడుతుంది. కూర్మమ్మ స్టీలు క్యాన్లు బాగా కడిగి, ఐసు కుక్కి, మూతలు బిగించి, తాడు కట్టి తొట్టిలోకి దించింది. కరిగినవి తీయడం, కొత్తవి దించడం. చేతులు మొద్దుబారినా ఆపలేదు. సాయంత్రానికి ఇరవై ఏడు.

"దిగినాదే!" అని కేకేసింది. మోహనప్రియ తల్లిని కావలించుకుంది.

పులియడం అయ్యాక తొక్కలు పిండి, రసాన్ని ఏడాదిపాటు ఓక్ చెక్క పీపాల్లో ఉంచారు. తర్వాత ఒక సీసా పట్టుకుని క్లాంగ్ పట్నం వెళ్లారు. అక్కడ పెద్ద హోటలు నడిపే యోగేశ్వరన్ ఆరు వైన్లను పేర్లు కనపడకుండా గ్లాసుల్లో పోయించి రుచి చూశాడు. ఐదు విదేశీవి, ఒకటి కూర్మమ్మది. నాలుగో గ్లాసు దగ్గర ఆగి, మళ్లీ తాగాడు.

"ఇదే అన్నిట్లోకీ మంచిది. ఏ దేశందమ్మా?"

"మాదే బాబూ. నేనే సేసినాను," అంది కూర్మమ్మ.

యోగేశ్వరన్ కుర్చీలోంచి లేచి, వంటవాళ్లందరినీ బయటికి పిలిచాడు. "ఈ ఆంటీ చేసింది, తాగి చూడండి!" అంటూ తలా కాస్త పోశాడు. వాళ్లు చప్పట్లు కొడుతుంటే కూర్మమ్మ సిగ్గుపడలేదు. తలెత్తి నిలబడి, పళ్లన్నీ కనపడేలా నవ్వింది.