అక్క అనని మాట

మా కంపెనీ అంటే చెప్పుల కొట్టు మీద రెండు గదులు. చిన్న ఆసుపత్రుల్లో మందుల నిల్వ చూసుకునే సాఫ్ట్‌వేర్ తయారుచేస్తాం. యజమానురాలిని అందరం అక్కా అనే పిలుస్తాం. పని రానివాళ్లను తీసుకుని, పక్కన కూర్చోబెట్టుకుని ఓపిగ్గా నేర్పుతుంది. చేయి తిరిగిందో లేదో, పెద్ద కంపెనీలు వచ్చి ఎగరేసుకుపోతాయి. నాకు ఒళ్లు మండిపోతుంది. అక్క మాత్రం వెళ్లేవాళ్లను మెట్ల దాకా సాగనంపి వస్తుంది.

"నీకు కోపం రాదా?" అని ఒకసారి అడిగాను. తను ఉద్యోగం చేసే రోజుల్లో మానేస్తానంటే యజమాని కళ్లనీళ్లు పెట్టుకున్నాడట. జాలిపడి ఉండిపోయిందట. "ఆ తర్వాత ఆయన మొహం చూస్తే చాలు, చిరాకేసేది. పాపం, మంచివాడే," అంది.

మిగిలిన నలుగురిలో ముని ఒకడు. నోరు విప్పి మాట్లాడడు కాబట్టి ఆ పేరు పెట్టాం. సాఫ్ట్‌వేర్ గుట్టంతా వాడికే తెలుసు. వాడు వెళితే కంపెనీ మూతపడినా పడుతుంది.

మా ఆఫీసులో ఓ అలవాటుంది. జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్లినా సరే, అందరికీ కనిపించే క్యాలెండర్‌లో పెట్టాలి. ఆ అలవాటు కొద్దీ ముని ఓ పొద్దున "పదకొండుకి వీడియో ఇంటర్వ్యూ" అని అందులోనే పెట్టేశాడు. దొంగతనానికి వెళ్తూ పక్కింట్లో చెప్పి వెళ్లే రకం. అందరం చూశాం.

అదే సమయానికి అక్కకు ఆసుపత్రివాళ్లతో వీడియో మీటింగ్ ఉంది. తలుపున్న గది ఒక్కటే. అక్క క్యాలెండర్‌లో ముని పేరు పక్కన "గది నీదే" అని రాసి, ల్యాప్‌టాప్ పట్టుకుని మెట్ల మీద కూర్చుంది. కింద చెప్పుల బేరాలు సాగుతుంటే, పైన ఆసుపత్రివాళ్లతో మాట్లాడింది.

అది చదివాక ముని మొహంలో నెత్తురు చుక్క లేదు. అయినా గదిలోకి వెళ్లాడు. మీటింగ్ అయ్యాక నేను అక్క పక్కన కూర్చున్నాను.

"వాడు పోతే మనమేం చేస్తాం?"

"భయంగానే ఉందే," అంది. ల్యాప్‌టాప్ మూసి లేచింది.

మునికి ఉద్యోగం వచ్చింది. వెళ్లేలోపు తన పనంతా మాకు విడమరిచి చెప్పాడు. వాడు అన్ని మాటలు మాట్లాడగలడని మాకప్పుడే తెలిసింది. చివరి రోజు సాయంత్రం అక్క మెట్ల దాకా వచ్చింది. ముని నాలుగు మెట్లు దిగి ఆగిపోయాడు.

"ఉండమని ఒక్కసారి కూడా అనలేదేంటక్కా? నేను అక్కర్లేదా?"

"అంటే ఉండిపోతావురా. అందుకే పంటిబిగువున ఆపుకున్నాను," అంది అక్క.