పటంలో తవ్విన నుయ్యి

ఇలా కూర్చోరా నాన్నా. ఆ ఫోను అవతల పెట్టి సరిగ్గా విను. చెప్పింది చెప్పినట్టు రాయి, మధ్యలో నీ సొంత తెలివి కలపకు.

డెబ్బైల్లో సంగతి. బెజవాడ సర్వే ఆఫీసులో ట్రేసర్‌గా కొత్తగా చేరాను. పాత పొలం పటాలు చివికిపోతుంటే, వాటిమీద పల్చటి ట్రేసింగ్ గుడ్డ పరిచి నల్ల సిరాతో మళ్ళీ గీయడమే పని. ఎంత ముచ్చటగా ఉండేవనుకున్నావు! సర్వే రాయికి చిన్న సున్నా, గట్టుకి వెంట్రుకంత గీత, తాటిచెట్టయితే చీపురు తిరగేసి నిలబెట్టినట్టే. ఊళ్ళో మోకాల్లోతు బురదున్నా పటంలో మాత్రం కడిగి ముగ్గేసిన వాకిలే!

ఆర్నెల్లు తప్పుల్లేకుండా గీస్తేనే ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు. ఇంకో వారమే ఉంది. ఉయ్యూరు వైపు ఒక చెరుకు పొలం గీస్తున్నాను. ఆఖరి గీతకి కలం ఎత్తానో లేదో, టప్‌మని పొలం నడిమధ్య సిరా చుక్క! ఏం చేశానో తెలుసా? దాన్ని గుండ్రంగా దిద్ది చుట్టూ ఇంకో సున్నా చుట్టేశాను. పటం భాషలో నుయ్యి అయిపోయింది!

మూడోనాడు ఆ పొలం రైతు కొత్త పటం చూసుకుందామని వచ్చి, హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ గారి బల్ల ముందు నోరు తెరిచాడు.

"మా చేలో నుయ్యి ఎవరు తవ్వారండీ? మా తాత చెప్పలేదు, మా నాన్న చెప్పలేదు. నేను చూస్తే కాలవ నీళ్ళ కోసం చస్తన్నా!"

ఆఫీసంతా ఒకటే నవ్వు. ఉద్యోగం పోయినట్టే అనుకుని లేచి నిలబడ్డాను.

"నేనే తవ్వానండీ. సిరా చుక్క పడితే భయమేసి..."

హెడ్ గారు కళ్ళజోడు సర్దుకున్నారు. "ఇంత గుండ్రటి నుయ్యి నా సర్వీసులో చూళ్ళేదమ్మా. ఇదిగో బ్లేడు. నువ్వే పూడ్చు. గుడ్డ చిరిగిందా, ఇక ఇంటికే!"

రైతు స్టూలు లాక్కుని నా పక్కనే కూర్చున్నాడు. "మెల్లిగామ్మాయ్, చెరుకు తొక్కేస్తావ్!" అంటాడు. నాకు నవ్వాగితేగా! ఊపిరి బిగబట్టి బ్లేడుతో ఆ సిరా గీకాను. హెడ్ గారు పటాన్ని కిటికీ వెలుగులో పెట్టి అటూ ఇటూ తిప్పారు. చుక్క ఆనవాల్లేదు, గుడ్డకి చిల్లూ లేదు.

"సరే, ఖాయం చేయమని రాస్తాను. ఇకమీదట నుయ్యి తవ్వాలంటే ముందు నన్నడుగు."

రైతు గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "అమ్మాయ్, పూడిస్తే పూడ్చావుగానీ, ఆ చోటేదో గుర్తుందా? నిజంగానే తవ్విద్దామని!"

నేనేమన్నానంటే... ఆఁ, వస్తున్నానే కోడలా, అరవకు! పద నాన్నా, మీ అమ్మ వడ్డించేసిందిట. ఆయనతో నేను, "బాబాయి గారూ, తవ్వించేటప్పుడు నన్ను పిలవండి, సున్నా నేనే చుట్టి పెడతాను!" అన్నాను. ఒరేయ్, రాసింది చాలు, ముందు ఆ పీట వెయ్యి!