బంపర్ వెనక నిమ్మకాయ

నాకు వినయం జర ఎక్కువ. బండి చప్పుడు వినంగనే రోగం చెప్పే చెవి మేడ్చల్ మొత్తంల నాదొక్కటే అయినా, ఆ సంగతి రోజుకు రెండుసార్ల కంటే ఎక్కువ చెప్పుకోను. గా వినయమే పోయిన నెల ఒక మంచి మనిషి కొలువు తీసింది. ఎట్లనో వినుండ్రి.

మా వర్క్‌షాప్‌కు ఒక పెద్ద కంపెనీ వాళ్ల లగ్జరీ కారు టెస్టింగ్‌కు వచ్చింది. ఇంకా మార్కెట్‌లకు రాలే. ఒంటినిండ నలుపు తెలుపు స్టిక్కర్లు. రోజూ మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాక నడిపి, ఏ పార్టు సతాయిస్తుందో రాసుడు నా పని. దాంట్ల బయటి వస్తువు గుండుసూదంత పెట్టినా రూల్ తప్పినట్టే.

నేను పెట్టిన. కోట్ల కారు, దారిల అందరి కండ్లు దాని మీదనే. దిష్టి తగలదా? మొదటి రోజే ఇనుప తీగకు నిమ్మకాయ, మిరపకాయలు గుచ్చి, ఎవ్వరికి కనపడకుండ ముందు బంపర్ లోపల ఎడమదిక్కు కట్టి మర్చిపోయిన.

పదిరోజులకు స్పీడ్ బ్రేకర్ల మీద ఎడమదిక్కు టక్ టక్ మొదలైంది. మా మేనేజర్ సార్ భీమవరం మనిషి. "ఏంటయ్యా నర్సింగూ ఆ సౌండు?" అన్నడు. తెల్వదు అంటే అయిపోతుండె. నేను కండ్లు మూసుకొని, డాక్టర్ లెక్క తల ఊపి, "సస్పెన్షన్ బుష్ సార్. సరిగ్గ కూసోలే" అన్న.

ఆ రబ్బరు బుష్‌ను ప్రెస్ మిషన్ మీద కూసోబెట్టింది యాదగిరన్న. రావల్కోల్ మనిషి, ముప్పై ఏండ్ల సంది ఫిట్టర్.

"గ్యారంటీయేనా? ఇది రిపోర్టులో రాస్తే ఆయన కాంట్రాక్టు ఇక్కడితో ఆగిపోద్ది" అన్నడు సార్.

పక్కనే ఉన్న యాదగిరన్న నా దిక్కు చూసిండు. "ఇంకోసారి విను తమ్మీ."

ఇంకోసారి వింటే నా ఇజ్జత్ ఏం గావాలె? "గ్యారంటీ సార్" అన్న.

యాదగిరన్న చేతులు తుడుచుకొని, టిఫిన్ డబ్బ పట్టుకొని పోయిండు.

మర్నాడు కొత్త బుష్ వేసి నడిపిన. మళ్ల టక్ టక్. బండి పక్కకు ఆపి బంపర్ కింద చెయ్యి పెడితే నిమ్మకాయ తగిలింది. ఎండి గోలీ లెక్క గట్టిపడ్డది. బండి ఎగిరినప్పుడల్ల లోపలి ప్లాస్టిక్‌కు కొట్టుకుంటాంది. తీగతో సహా తెంపి జేబుల వేసుకున్న. చప్పుడు బంద్.

సార్ మస్తు ఖుష్. "చెవంటే నీదేనయ్యా" అని అందరి ముందర భుజం తట్టిండు. నేను తల వంచుకున్న. అది కూడ వినయమే అనుకున్నరు.

ఆదివారం నిజం చెప్దామని రావల్కోల్ పోయిన. యాదగిరన్న ఇంటి ముందట కూసొని ఒక్కొక్క పానాకు నూనె రాసి పెట్టెల సర్దుతాండు.

"నీ మీద కోపం లేదు తమ్మీ" అన్నడు. "ముప్పై ఏండ్లల నా చెయ్యి ఎన్నడు తప్పలే. ఇగ తప్పుతాందంటే ఆపుడే మంచిది. నువ్వన్నా మొగం మీద చెప్పినవ్. గీ పానాలు నువ్వే తీస్కపో, పనికొస్తయి."

లోపలి నుంచి వదిన చాయ్ తెచ్చింది.

"ఏందో చెప్పాలని వచ్చినట్టున్నవు?" అని అడిగిండు అన్న.

"చాయ్ మంచిగున్నదే అన్నా" అన్న.

పానాల పెట్టె స్కూటర్ మీద కట్టుకొని ఇంటికొచ్చిన. బుష్ మార్చుడు, బేరింగ్ ఎక్కించుడు, అన్నీ ఎవ్వరు నేర్పకుండనే నేర్చుకున్న. తప్పు నాదని చెప్పుడు మాత్రం ఇంకా రాలే.