అమ్మ, అంగూర్ రసం, సన్న ఈగలు

మా వంటింట్లో సన్న ఈగలు ముసిరిన వారం ఇంట్లో ఎవరూ చచ్చిపోలేదు. ముందే చెప్తున్నా, ఎందుకంటే అప్పుడు అమ్మ ముఖం చూసినవాళ్లు వేరేలా అనుకునేవాళ్లు.

సంగతి ఏందంటే, నెలకోసారి మా చర్చిలో ఏసు పేరు మీద అందరూ ఇంత రొట్టె తిని, రసం తాగే ప్రభు భోజనం ఉంటుంది. దానికి కావాల్సిన ద్రాక్షరసం దుకాణంలో కొనరు. సంఘంలో ఎవరో ఒకరు ఇంట్లో చేసి తేవాలి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ పని మా పెద్దమ్మదే. వరసకు అమ్మకు అక్క. మోకాళ్లు మొరాయించి, పొయ్యి ముందు నిలబడలేక, చివరికి ఆ పని అమ్మకు అప్పజెప్పింది. అప్పజెప్తూ ఒక్కటే మాట అన్నది.

"జర నీట్‌గ చెయ్యి చెల్లె. ఇన్నేండ్లల్ల నా రసంల ఒక్క వెంట్రుక గూడ రాలే."

ఆ రోజు నుంచి అమ్మ తల దువ్వుకోవడానికి కూడా వాకిట్లోకే పోయింది.

ముందు వారం నారాయణఖేడ్ బస్టాండు కాడి బండి మీద నల్ల అంగూర్ తెచ్చి, చేయి తిరగడానికని కొంచెం చేసి చూసింది. కడిగి, ఉడకబెట్టి, చక్కెర కలిపి, తెల్ల గుడ్డలో వడగట్టింది. బాగానే వచ్చింది. ఫ్రిజ్‌లో పెట్టుకుని మేమే తాగాం. కొన్ని రోజులకు వంటింట్లో సన్న ఈగలు మొదలయ్యాయి. మాగిన అరటిపండు మీద వాలుతాయే, ఆవగింజంత ఉంటాయి, అవి. అసలు రసమేమో శనివారం చేయాలి, ఆదివారం అందరికీ చిన్న గ్లాసుల్లో పోయాలి. ఏ ఒక్క గ్లాసులో ఈగ తేలినా, అది మొదటి వరుసలో కూర్చునే పెద్దమ్మ గ్లాసే అవుతుందని అమ్మకు గట్టి నమ్మకం.

"నా ఇజ్జత్ పోతది," అన్నది.

"ఈగకు నీ ఇజ్జత్ తోటి ఏం పనే?" అన్నాను.

"నువ్వు నోరు మూసుకో. తెరిస్తే అవి లోపటికి పోతయ్."

బాపు బస్ డిపోలో మెకానిక్. ఏ సమస్యకైనా పొగ పెడితే దారికొస్తుందని ఆయన లెక్క. వేపాకు తెచ్చి వంటింట్లో పొగబెట్టాడు. ముందు అమ్మ బయటికొచ్చింది, తర్వాత నేను, ఆఖరికి దగ్గుకుంటూ బాపు. పక్కింటామె "ఏందక్కా, ఏం అంటుకున్నది?" అని ఉరికొచ్చింది. ఈగలు మాత్రం రాలేదు.

తర్వాత నా వంతు. గ్లాసులో బెల్లం నీళ్లు పోసి, గిన్నెలు తోమే సబ్బు రెండు చుక్కలేసి, పైన కవర్ కట్టి సూదితో బొక్కలు పెట్టాను. తెల్లారి చూస్తే ఒక్కటే పడింది. అది కూడా తోవ తప్పి వచ్చినట్టుంది.

"వాటికి బెల్లం వద్దట. ఫ్రిజ్‌ల మిగిలిన అంగూర్ రసం ఒక చెంచా ఇయ్యి," అన్నాను.

"దేవుని రసంల ఈగలను ముంచి సంపుతవా?"

"మొన్న నేను అండ్ల బిస్కెట్లు ముంచుకుంటే ఏమనలే గదా."

"నువ్వు సావలే గదా."



శుక్రవారం పీట వేసుకుని, ఈగలు ఎటు పోతున్నాయో చూస్తూ కూర్చున్నాను. డిగ్రీ అయిపోయి నౌకరీ దొరకని మనిషికి సరిపోయే పని. అవి పండ్ల జోలికి పోలేదు, సింకు జోలికీ పోలేదు. అన్నీ జొన్నల డబ్బా వెనక్కే పోతున్నాయి.

"ఏ, అది జరపకు!" అని అమ్మ అరిచేలోపే జరిపేశాను.

వెనక ఒక స్టీలు గిన్నె, దాని మీద పళ్లెం, పళ్లెం మీద మడతపెట్టిన శుభ్రమైన గుడ్డ. పళ్లెం తీయగానే ఈగల ఊరంతా లేచి నా ముఖం మీదికొచ్చింది. లోపల ముందు వారం వడగట్టిన అంగూర్ పిప్పి. పులిసి నురగ కట్టింది.

"గిదేందమ్మా?"

"పిప్పి."

"పిప్పని కనబడుతుంది. గీడెందుకున్నది?"

అమ్మ అప్పటికే తుడిచిన స్టవ్‌ను మళ్లీ తుడిచింది. "నేర్చుకోనీకే చేసినా, దేవుని పేరు మీద చేసింది గదరా. చెత్త ఆటోల ఎట్లేస్త? మోరీల పారబోయబుద్ధి గాలే. అక్కను అడుగుదామంటే, గిది గూడ తెల్వదా అంటది."

చివరి మాట గోడ దిక్కు తిరిగి అన్నది. నోటి దాకా వచ్చిన జోకును మింగేశాను. దాంతోపాటు ఒక ఈగను కూడా.

ఆ సాయంత్రం పెరట్లో మల్లెచెట్టు కింద గుంత తవ్వి పిప్పిని పూడ్చాం. మట్టి కప్పుతుంటే అమ్మ కొంగు తల మీదికి లాక్కుంది. గడ్డపార పట్టుకుని నేనూ ఎందుకో తల వంచాను. గడపలో నిలబడ్డ బాపు, "చర్చి అయ్యగారిని గూడ పిలువమంటవా?" అన్నాడు. అమ్మ ఒక్క చూపు చూసింది. ఆయన లోపలికి పోయాడు.

గిన్నెను మసిలే నీళ్లతో కడిగి, డబ్బా వెనక ఫినాయిల్‌తో తుడిచాం. ఇగ వేరే దిక్కు లేక ఈగలు నా బెల్లం నీళ్లకే వచ్చాయి. తెల్లారికి గ్లాసు అడుగు నల్లబడింది. శనివారం అమ్మ రసం ఉడకబెడుతుంటే నేను తువ్వాల పట్టుకుని కాపలా ఉన్నాను. ఒక్కటొచ్చింది. నన్ను చూసి జాలిపడి పోయినట్టుంది.

ఆదివారం ప్రార్థనలో అమ్మ కండ్లు మూయలేదు. నేనూ మూయలేదు కాబట్టి నాకు తెలుసు. పెద్దమ్మకు ముందుకు పోయి మోకరించడం కాదు గనుక గ్లాసు ఆమె దగ్గరికే తెచ్చారు. ఆమె దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి చూసింది. ఆడవాళ్ల వరుసలో అమ్మ కొంగు అంచును పిడికిట్లో నలిపేస్తోంది. పెద్దమ్మ తాగింది.

బయట చెప్పుల దగ్గర కర్ర ఆనించుకుని, "చక్కెర జర ఎక్కువైంది చెల్లె," అన్నది.

అమ్మ ముఖం వెలిగిపోయింది. పెద్దమ్మ వెతికినా అంతకంటే పెద్ద తప్పు దొరకలేదన్నమాట. ఆ ధైర్యంతో అడిగేసింది.

"అక్కా, పిప్పి ఏం జేస్తుంటివి నువ్వు?"

"పిప్పా? బర్రెకు పెడుతుంటి. మస్తు తింటుండె."

ఇంటి దాకా నవ్వు బిగబట్టుకుని నడిచాను. నా జన్మలో నేను అంత కష్టపడ్డది అప్పుడే. గేటు తీస్తూ అమ్మ మల్లెచెట్టు వైపు చూసింది.

"మనకు బర్రె లేదు గదా," అన్నది.

నెలనెలా గుంత నేనే తవ్వుతున్నా.