పలకరింపుకు పనికిరాని వారం

మా ఆయన పోయిన నెలన్నరకి, ఒక శుక్రవారం తెల్లారకముందే, ఆయన బ్యాగు భుజాన తగిలించుకుని సాలూరు నుంచి విజయనగరం బయలుదేరాను. అక్కడ ఒక హోటల్ మేడమీద హాలులో వారం వారం పొద్దున్నే వ్యాపారుల సమావేశం జరుగుతుంది. అందరూ కలిసి ఇడ్లీ తింటారు. ఒక్కొక్కరూ లేచి నిమిషం పాటు తమ వ్యాపారం గురించి చెప్పుకుంటారు. కార్డులు ఇచ్చిపుచ్చుకుంటారు. 'నీకు పనికొచ్చే మనిషి ఒకాయన నాకు తెలుసు, నా పేరు చెప్పి ఫోన్ చెయ్యి' అని ఒకరికొకరు గిరాకీ చూపించుకుంటారు. అక్కడ ఒక కట్టుబాటు ఉంది. వ్యాపారానికి ఒక్కటే కుర్చీ. టైల్సు అమ్మేవాళ్ళు ఒకరే, మందుల ఏజెన్సీ ఒకటే, లారీ ట్రాన్స్‌పోర్టు ఒకటే. లారీల కుర్చీ మా ఆయనది.

సాలూరులో లారీ లేని ఇల్లు ఉంటుందేమో గాని లారీ ఊసెత్తని ఇల్లు ఉండదు. మాకు మూడు బళ్ళు. ఘాట్ రోడ్డు ఎక్కి ఒడిశా వెళ్ళి వస్తుంటాయి. బండి ఉంటే చాలదు, దానికి లోడు దొరకాలి. మా లోడుల్లో చాలా భాగం ఆ శుక్రవారం హాలులో పరిచయమైన వాళ్ళ దగ్గర్నుంచే వచ్చేవి. కుర్చీ ఖాళీ అయితే మర్నాడే ఇంకో ట్రాన్స్‌పోర్టు ఆయన వచ్చి కూర్చుంటాడు. మనిషి పోయిన ఇల్లు కదా అని కొన్ని వారాలు ఆగారు. ఆ తర్వాత, "మీ తరఫున ఎవరైనా వస్తారా, వదులుకుంటారా?" అని ఫోన్ చేసి అడిగారు. నేను వస్తానని చెప్పాను. చెప్పేసిన తర్వాత భయం వేసింది.

"ఏడాది తిరగలేదు వదినా. పొద్దున్నే అలగ బయలెల్లిపోతే నలుగురూ ఏటనుకుంటారు? బళ్ళు నాకొగ్గీ. నేను సూసుకుంటాను," అన్నాడు మా మరిది.

మాకు పిల్లలు లేరు. బళ్ళు వదిలేస్తే ఆ ఇంట్లో నేను చేయవలసిన పనంటూ ఏదీ మిగలదు. టీవీ చూస్తూ, ఎవరో పెట్టింది తింటూ, ఫోటోకి దండ మారుస్తూ బతకాలి. నాకు యాభై కూడా నిండలేదు.

"అనుకోనీ. ఆ నలుగురూ ఎవులో సెప్పు, ఆళ్ళింటికెల్లి నేనే అడుగుతాను," అన్నాను. మా మరిది మంచివాడే. కాకపోతే మంచితనంతోనే మనిషిని మూల కూర్చోబెట్టేసే రకం.

ఆ శుక్రవారం నేను గుమ్మం దిగేసరికి ఎదురింటాయన మోటారు సైకిల్ స్టార్టు చేస్తున్నాడు. నన్ను చూశాడు. ఇంజన్ ఆపేసి, ఏదో మరిచిపోయినవాడిలా లోపలికి వెళ్ళాడు. కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి, శకున దోషం పోగొట్టుకుని మళ్ళీ వస్తాడని నాకు తెలుసు. ఇరవయ్యేళ్ళుగా మా ఇంటి కాఫీ తాగిన మనిషి. ఆయన్ని తిట్టుకుంటూ బస్టాండు దాకా నడిచాను.

హాలులోకి అడుగు పెట్టగానే మాటలన్నీ ఆగిపోయాయి. అధ్యక్షుడు, గ్రానైటు వ్యాపారం ఆయన, చేతులు జోడించి నన్ను మా ఆయన కుర్చీ దాకా తీసుకెళ్ళాడు. కుడివైపు ఉన్నాయన ప్లేటు పట్టుకుని కొంచెం అటు జరిగాడు. ఎదురుగా ఒక పెద్దాయన ఉన్నాడు, భోగాపురం వైపు సముద్రపు ఒడ్డు ఊరివాడు, పడవలకి ఐసు అమ్మే ఫ్యాక్టరీ ఉంది. వేటకెళ్ళే కుటుంబంలో పుట్టి, ఆ ఫ్యాక్టరీ పెట్టుకుని ఎదిగిన మనిషి అని తర్వాత తెలిసింది. ఆయన తల ఎత్తకుండా ఇడ్లీని ముక్కలు చేస్తూనే ఉన్నాడు, తినడం లేదు.

నా నిమిషం వచ్చింది. "మాకు మూడు లారీలున్నాయి. ఒడిశా వైపు లోడులు తీసుకెళ్తాం," అన్నాను. ఇంకేం చెప్పాలో తోచలేదు. ఇంకా సమయం మిగిలుండగానే కూర్చున్నాను. సమావేశం అయ్యాక అందరూ కాఫీ కప్పులతో గుంపులు గుంపులుగా నిలబడ్డారు. నేను ఏ గుంపు దగ్గరికి వెళ్ళినా మాట తెగిపోయేది. ఒకాయనకి ఫోను వచ్చేది, ఒకాయనకి పని గుర్తొచ్చేది. బట్టల షాపు ఆవిడ మాత్రం చెయ్యి పట్టుకుని, "అంతా బాగే కదండీ?" అని, అడక్కూడనిది అడిగినట్టు నాలిక్కరుచుకుని వెళ్ళిపోయింది.

తిరుగు బస్సులో మా ఆయన ఫోను తీసి వాళ్ళ వాట్సాప్ గ్రూపు చూశాను. ఆయన పోయిన రోజున వరసగా 'ఓం శాంతి', 'ఓం శాంతి', చేతులు జోడించిన బొమ్మలు. ఆ వరస ఆగిన చోట నీళ్ళ ట్యాంకుల మీద తగ్గింపు ధర ప్రకటన. దాని కింద ఇద్దరు అభినందనలు చెప్పారు. ఏళ్ళ తరబడి ప్రతి శుక్రవారం ఆయన పక్కన కూర్చుని తిన్నవాళ్ళు. ఒక్కరంటే ఒక్కరు మా గడప తొక్కలేదు. కొత్త కార్డులు అచ్చు వేయించి తీసుకెళ్ళి, ఇవ్వడం మరిచిపోయి, పెట్టెతో సహా తిరిగి తెచ్చేవాడు మా ఆయన, పిచ్చి మానవుడు. "మరి అంతసేపూ ఏటి సేసినావు?" అని నేను అరిస్తే, "మాటాడుకున్నాం," అనేవాడు. ఏం మాటాడుకున్నారో, ఏం మిగిలిందో నాకు అర్థం కాలేదు.

రెండో శుక్రవారం కూడా అంతే. అప్పటికి నాకు ఒక కారణం దొరికింది. నా నుదురు చూసి తప్పుకుంటున్నారు. ఎదురింటాయన మంచినీళ్ళు తాగి వచ్చాడు, వీళ్ళు కాఫీ తాగుతూ తప్పుకుంటున్నారు, అంతే తేడా. చదువుకున్నవాళ్ళు, ఇస్త్రీ చొక్కాల మీద బ్యాడ్జీలు పెట్టుకున్నవాళ్ళు, లోపల మాత్రం మా వీధివాళ్ళే. ఆ వారం ఒక్క లోడు రాలేదు. రెండు బళ్ళు షెడ్డు ముందే ఉండిపోయాయి. మా డ్రైవరు ఒకడు వేరే ట్రాన్స్‌పోర్టులో పని అడుగుతున్నాడని తెలిసింది. బళ్ళు మరిదికి ఇచ్చేద్దామని నిశ్చయించుకుని, ఆ మాట వాళ్ళ మొహం మీదే చెప్పి రావడానికి మూడో శుక్రవారం వెళ్ళాను.

నా వంతు వచ్చింది. లేచాను. ఇంటి దగ్గర నేర్చుకున్న చక్కటి మాటలేవీ నోటికి రాలేదు.

"మీకందరికీ ఆయన తెలుసు. ఏ రోడ్డుకి ఎంత కిరాయి తీసుకుంటాడో తెలుసు. ఆయనకో ఇల్లున్నాదని మీలో ఒక్కులికీ తెలీదేటి? నేనొస్తే మొగాలు తిప్పుకుంటన్నారు. పొద్దున్నే ముండమొగం సూడాల్సి వస్తన్నాదనా? అయితే సెప్పండి. మరి రాను. ఈ కుర్చీ ఎవులికి కావాలంటే ఆళ్ళు తీసుకోండి."

నిమిషం అయిపోయినట్టుంది. గంట కొట్టే ఆయన అలవాటు కొద్దీ కొట్టేశాడు. కొట్టి, ఆ గంటని గబుక్కున అరచేత్తో మూసేశాడు.  నేను కూర్చోలేదు.

ఐసు ఫ్యాక్టరీ పెద్దాయన లేచాడు.

"సెల్లీ," అన్నాడు.

నేను తెల్లబోయాను. మా ఆయనా, ఈ పెద్దాయనా ఒకరినొకరు బావా అని పిలుచుకునేవారట. బావ అన్నవాడి పెళ్ళాం చెల్లెలే కదా. ఆ వరస ఎప్పుడు కలిసిందో, ఎలా కలిసిందో, మా ఇంట్లో నాకు చెప్పినవాళ్ళు లేరు.

"సెల్లీ, ఇయాల ఏ వారం?" అని అడిగాడు.

"సుక్కురోరం."

"సుక్కురోరం నాడు పలకరింపు సేస్తారేటి ఎవులైనా? నువ్వొచ్చిన కాడ్నించీ సుక్కురోరమే. పలకరించకుండా నీతోటి ఏపారం మాటలు ఎలగ మాటాడతాం? నోరు రాలేదు. అందుకని పళ్ళెంలోకి సూసుకుంటన్నాం."

మా వైపు మంగళవారం, శుక్రవారం పలకరింపులకు పనికిరావు. మనిషి పోయిన ఇంటివాళ్ళు ఎదురైతే ముందు ఆ మాట ఎత్తాలి, పక్కన కూర్చోవాలి, వాళ్ళు ఏడిస్తే ఏడవనివ్వాలి. మిగతా కబుర్లన్నీ ఆ తర్వాతే. అది కాకుండా కిరాయిలూ లోడులూ మాట్లాడితే పశువులతో సమానం. ఇది నాకు తెలియని సంగతి కాదు. నేనూ అలా వారం చూసుకుని వెళ్ళినదాన్నే. కోపంగా ఉన్నవాళ్ళకి వారం గుర్తుండదు.

అయినా నా నోరు ఊరుకోలేదు. "సుక్కురోరం, మంగళోరం తీసీసినా వారంలో అయిదు రోజులున్నాయి కదా అన్నా?" అన్నాను.

ఆయన తల ఊపాడు.

"ఉన్నాయి సెల్లీ," అన్నాడు. "ఉన్నాయి."

ఆయన కూర్చున్నాడు.  కుర్చీ తీసుకుంటామని గాని, వద్దని గాని ఎవరూ అనలేదు. నేను బ్యాగు తీసుకుని మెట్లు దిగి వచ్చేశాను. అందరూ వారం కోసమే ఆగారని నేను అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. కొందరికి వారం అడ్డం, కొందరికి నా నుదురు అడ్డం, చాలామందికి బద్ధకం అడ్డం. మూడింటినీ విడదీసి చూసే ఓపిక ఆ రోజు నాకు లేదు.

ఆదివారం పొద్దున్న ఒక మినీ బస్సు మా వీధిలోకి వచ్చి ఆగింది. ముందు గ్రానైటాయన దిగాడు, వెనక బట్టల షాపు ఆవిడ, గంట కొట్టే ఆయన, అలా ఒక్కొక్కరే. అందరూ వచ్చారని చెప్పను, సగం మంది వచ్చారు. ఇల్లు తెలియక సెంటర్‌లో టీ కొట్టు దగ్గర అడుగుతూ వచ్చారట. మరిది కుర్చీలు తెస్తుంటే వద్దని, ముందుగదిలో నేల మీద కూర్చున్నారు. ఎవరి చొక్కా మీదా బ్యాడ్జీ లేదు.  

చివరికి ఐసు ఫ్యాక్టరీ అన్న నోరు విప్పాడు. తను మొదటిసారి ఆ హాలుకి వచ్చిన రోజు రేవు దగ్గర్నుంచి సరాసరి వచ్చాడట. చొక్కాకి చేపల వాసన. పక్కనున్నవాళ్ళు నెమ్మదిగా వేరే బల్లకి మారారట. మా ఆయన తన ప్లేటు పట్టుకుని వచ్చి ఆ ఖాళీలో కూర్చున్నాడట.

"నన్ను ఏపారం అడగలేదు సెల్లీ. ఏ ఊరు బావా, ఎవులి తాలూకా అన్నాడు. ఇయాల ఏటి పడింది వేటలో అన్నాడు. ఇంటికాడ ఎవులెవులున్నారన్నాడు. మా అమ్మకి బాగులేదని సెప్తే, మళ్ళీ వారం మొదటి మాట అదే. మీ అమ్మకి ఎలగున్నాది బావా అని. ఆ హాలులో నన్నా మాట అడిగినోడు ఇంకోడు లేడు. మా అమ్మ పోయిన రోజున సాలూరు నించొచ్చి పాడె పట్టేడు."

ఆ రోజు నాకు గుర్తుంది. సముద్రం వైపు పనుందని వెళ్ళాడు. బట్టలు తడిసి, ఇసకతో ఇంటికొచ్చి గుమ్మంలోనే నీళ్ళు అడిగి తల మీంచి పోసుకున్నాడు. లోడు దొరికిందా అని అడిగాను. లేదన్నాడు. డీజిలు దండగ అని నేను సణిగాను. ఆయన తల తుడుచుకుంటూ లోపలికి వెళ్ళాడు.

"ఆయన మా అమ్మ పాడె మోసేడు," అన్నాడు అన్న. "ఆయన పోతే నేను పోన్లో దండం బొమ్మెట్టీసి ఊరుకున్నాను. రేపెల్దాం, ఎల్లుండెల్దాం అనుకుంటన్నాను, దినాలైపోనాయి. అప్పుడింక ఏ మొగం ఎట్టుకుని వస్తాం?"

అని, పెద్దవాడు, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. కర్మకాండలప్పుడు వచ్చేవాళ్ళకీ పోయేవాళ్ళకీ వంటలు చూసుకుంటూ అణుచుకున్న ఏడుపంతా అప్పుడు వచ్చింది. బట్టల షాపు ఆవిడ జరిగి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి కూర్చుంది. ఆయన తనని ఎలా ఆట పట్టించేవాడో చెప్పింది.  ఆయన మాటాడుకున్నాం అనేవాడే, ఆ మాటలన్నీ వాళ్ళ దగ్గర ఉన్నాయి. అవి నాకు ఒక్కొక్కటే ఇచ్చి వెళ్ళడానికి వచ్చినట్టు కూర్చున్నారు. లోడుల ఊసు ఎవరూ ఎత్తలేదు. కుర్చీ ఊసు కూడా ఎత్తలేదు.

పొద్దెక్కాక ఒకరి వెనక ఒకరు లేచారు. పలకరింపుకి వచ్చినవాళ్ళు 'వెళ్ళొస్తాం' అనకూడదు. ఇంటివాళ్ళు 'మళ్ళీ రండి' అనకూడదు. వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోవాలి. చెప్పులు వేసుకుని అలాగే మౌనంగా మెట్లు దిగుతున్నారు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. పద్ధతి ప్రకారం నేనూ నోరు మూసుకుని ఉండాలి. కానీ వాళ్ళు బస్సెక్కేస్తే ఇక అంతా అయిపోతుందనిపించింది.

"సుక్కురోరం నేనొస్తాను," అన్నాను.

పక్కన మరిది ఉలిక్కిపడి నా వైపు చూశాడు. గ్రానైటాయన బస్సు మెట్టు మీద కాలు పెట్టి ఆగిపోయాడు. ఐసు ఫ్యాక్టరీ అన్న వెనక్కి తిరగలేదు. తిరక్కుండానే గొంతెత్తి అన్నాడు.

"ఏడుకి ముందే రావాల. ఇడ్లీలు సల్లారిపోతాయి. రా సెల్లీ, రా."

ఆ రెండు నెలల్లో మా వీధిలో ఒక పెళ్ళి జరిగింది, ఒక గృహప్రవేశం జరిగింది. ఇంటింటికీ బొట్టు పెట్టి పిలుస్తూ వచ్చినవాళ్ళు మా గుమ్మం దగ్గర తల దించుకుని దాటిపోయారు. ఆయన పోయాక ఒక మనిషి నోటితో నన్ను రమ్మనడం అదే మొదటిసారి.