గోడవైపు తిరిగిన కుర్చీ

మా అయివారు పోయిన కబురు నాకు బిస్కెట్ల డబ్బాలో దొరికింది. మా పుంగనూరు బడిలో పంతుళ్లు కూడా పొద్దున్నే ఫోన్లు ఆ డబ్బాలో వేసి ఆఫీసులో పెట్టాలి. మళ్లీ అన్నం గంటకే తీసుకోవాలి. పిల్లల చేతికి ట్యాబులు వచ్చిన రోజే మా చేతుల్లోంచి ఫోన్లు పోయాయి. ఆ రూలు మీద నేను వేయని జోకు లేదు. ఆ శుక్రవారం డబ్బా మూత తీసేసరికి నా ఫోను నిండా కుప్పంలో ఉండే ఆయన కూతురి మిస్డ్ కాల్సే. ఒంట్లో బాగాలేక ఆ వారమే ఆయన ఆమె దగ్గరికి పోయి ఉన్నారు. నేను ఏడో తరగతికి భిన్నాలు చెప్తూ నవ్విస్తున్న గంటలో ఆయన కన్ను మూశారు.

అప్పట్నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. ఇది కూడా రెండు వాక్యాలకోసారి లేచి, వరండా చివరిదాకా పోయొచ్చి రాస్తున్నాను.

ఆయన నా చిన్నప్పుడు మా పల్లెలో నాకు అక్షరాలు దిద్దించిన తెలుగు అయివారు. మనిషి పుంగనూరు ఆవంత ఉండేవారు. ఆ మాట ఆయన ముందే అంటే, "పొట్టిదే గానప్పా, పాలు సిక్కన" అనేవారు. రిటైరై మదనపల్లెలో ఇల్లు కట్టుకున్నాక కూడా ఊరుకోలేదు. బస్సెక్కి మా బడికొచ్చి, చదువు తడబడే పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి వినేవారు. లైబ్రరీ గదిలో ఆయనకో కుర్చీ ఉండేది. పిల్ల రాగానే ఆ కుర్చీని గోడవైపు తిప్పుకుని, పిల్లకు వీపు చూపించి కూర్చునేవారు.

"ఇదేం పద్ధతి అయివారా? అలిగిన మొగుడిలాగా" అన్నాను ఓసారి.

"మొగం సూస్తే బయపడతారప్పా. వీపును సూసి బయపడేవాడు యాడుండాడు?" అన్నారు.

పేజీ అయ్యేదాకా మాట్లాడేవారు కాదు. తప్పు వచ్చినా దగ్గేవారు కాదు. దగ్గు నిజంగా వచ్చినా మింగేవారు. "నువ్వు మాత్రం ఈ పనికి పనికిరావప్పా. నీకు కూసోను రాదు, నోరు మూసుకోను రాదు" అని నాకు సర్టిఫికెట్ ఇచ్చేశారు. అందులో అబద్ధమేం లేదు.

తర్వాత ట్యాబులొచ్చాయి. వాటిల్లో నెలనెలా చదివింపు పరీక్ష ఉంటుంది. పిల్ల పాఠం చదివితే ట్యాబు విని, తప్పు మాటల్ని ఎర్రగా చూపిస్తుంది. ఎర్రలు ఎక్కువైతే ఆ పిల్లను సపోర్ట్ సెక్షనులో వేయాలి. పిల్లలు దాన్ని సపోటా సెక్షన్ అంటారు. అందులో మూడో తరగతి పిల్లలతో పాటు నేలమీద కూర్చోవాలి. లైబ్రరీ పుస్తకాలుండవు, గుణింతాల పుస్తకమే.

ఆరో తరగతి రెడ్డెమ్మ మేకలు కాసుకునే ఇంటి పిల్ల. ఆ రోజు వచ్చిన పాఠంలో చెరువు గట్టు, చింతచెట్టు, చెట్టు కింద చీమలు. రెడ్డెమ్మ ఒక్కచోట ఆగకుండా, "సెరువు గట్టున సింతసెట్టు, సెట్టు కింద సీమలు" అని గడగడా చదివేసింది. ట్యాబు మదనపల్లె టమోటా మార్కెట్టులాగా ఎర్రబడింది.

మర్నాడు వాళ్ల నాయన గేటుకాడ నిలబడ్డాడు. "మా పాపను పసిబిడ్డల పక్కన కూసోబెడతారంట. ఆ మాత్రానికి బడి యాలయ్యా? రేపట్నించి మేకలు మేపుకుంటాది" అన్నాడు. కోపంగా కాదు, సిగ్గుగా అన్నాడు. అది ఇంకా కష్టం.

అయివారు నేరుగా హెడ్ మేడమ్ దగ్గరికి పోయారు. నేను వెనకాలే నిలబడ్డాను.

"అమ్మా, ఈ బిడ్డ ఒక్క తప్పు సదవలేదు. ఆ పలకకు మన ఊరు తెలవదు, అంతే."

మేడమ్ మంచి మనిషి. కానీ ఆమెకు పైనుంచి రూలుంది. "అయ్యా, ఒక్కొక్కరికి ఒక్కో కొలత పెట్టలేను కదా. అందరికీ ఒకటే ఉండాలి" అంది.

"అట్లయితే నన్నూ కొలువమ్మా" అని ట్యాబు ముందర కూర్చుని, అదే పాఠం చదివారు. ట్యాబు ఆయన్నీ వదల్లేదు, మళ్లీ టమోటాలే. అయివారు సంచీ భుజానికేసుకుని తిన్నగా సపోటా సెక్షనుకు పోయి, పిల్లల మధ్య చేతులు కట్టుకుని కూర్చున్నారు. టీచర్ హాజరు పిలుస్తుంటే, "నా పేరూ ఏసుకోమ్మా, కొత్తగా సేరినాను" అన్నారు. పిల్లలు పడీ పడీ నవ్వారు. మేడమ్ గుమ్మం దగ్గరికొచ్చి చాలాసేపు ముఖం గట్టిగా పెట్టుకుని చూసింది. చివరికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆ సాయంత్రమే ఒక మెలిక ఒప్పుకుంది. ట్యాబు ఎర్ర చూపినా, సెక్షన్ మార్చేముందు ఒక మనిషి వినాలి. ఆ మనిషి బాగుందంటే పిల్ల తన తరగతిలోనే ఉంటుంది. ఆ మనిషి ఎవరో ఎవరూ అడగలేదు. ఆయన ఉన్నారు కదా.

"చ పలకలేకనా, కావాలనేనా?" అని నేను బస్టాండులో అడిగాను.

"మా అమ్మ నోటితో సదివినానప్పా" అన్నారు. రెడ్డెమ్మకు మాత్రం చ నేర్పించకుండా వదల్లేదు. "ఇంట్లో సెట్టు, పుస్తకంలో చెట్టు. రెండింటికీ నీడ ఒకటే పాపా" అనేవారు.

శనివారం పలమనేరు మీదుగా కుప్పం పోయాను. బస్సులో సీటు దొరికినా నిలబడే ఉన్నాను. సమాధి దగ్గర పాస్టరుగారు వాక్యం చదివారు. ఆయన నోటా చ అంతా స అయింది. మా ట్యాబు వింటే ఆయన్నీ సపోటాలో వేసేది. ఆ నవ్వు పంచుకోవాల్సిన మనిషే పెట్టెలో ఉన్నారు.

ఆయన కూతురు నన్ను పక్కకు పిలిచింది. "అన్నా, నాయన పోయే ముందు రాత్రంతా ఒకటే మాట. సోమవారం రెడ్డెమ్మకు మళ్లా పరీచ్చ ఉండాది, ఎవరు వింటారు అని. ఎవురన్నా ఆ రెడ్డెమ్మ?"

"మా బడి పిల్లమ్మా" అన్నాను.

సోమవారం ట్యాబు మళ్లీ ఎర్రగా చూపింది. వినే మనిషి లేకపోతే మధ్యాహ్నానికి పిల్ల నేలమీద కూర్చోవాలి. "నేను వింటాను మేడమ్" అన్నాను. "మీరు అయిదు నిమిషాలు కదలకుండా కూర్చోగలరా మాస్టారూ?" అంది ఆమె. అడగాల్సిన ప్రశ్నే.

లైబ్రరీ గదిలో ఆ కుర్చీని గోడవైపు తిప్పి కూర్చున్నాను. కాలు ఊగుతోంది. ఎదురుగా ఎప్పుడో స్కూలు డే నాడు తీసిన గ్రూపు ఫోటో, అద్దం బిగించి ఉంది. వెనక రెడ్డెమ్మ పుస్తకం తెరిచిన చప్పుడైంది గానీ చదవడం లేదు.

"సదువు పాపా."

"సార్, మీరు అద్దంలోకి సూడాల. అయివారు అట్లే సూస్తా ఉండె."

"సూసేవారా? నీకెట్లా తెలుసు?"

"అందురికీ తెలుసు సార్. మాకు తెలుసని ఆయనకే తెలీదు. బాగా సదివితే తల ఊపుతాడు."

తలెత్తి చూశాను. అద్దమంతా దుమ్ము. ఒక్కచోట మాత్రం అరచేయంత మేర తుడిచి తుడిచి తళతళలాడుతోంది. సరిగ్గా ఆ మెరుపులో, కిటికీ వెలుగులో, రెడ్డెమ్మ ముఖం. పెదాలు కదిలాయి. పేజీ చివర ఆగి, కళ్లెత్తి అద్దంలోకి చూస్తూ ఎదురుచూసింది.

నేను తల ఊపాను.